ప్లేట్‌లెట్లు తగ్గాయంటే బొప్పాయి ఆకు కాదు, ముందు బీపీ చూడండి

అక్టోబరు వానలు మొదలయ్యాయంటే నెల్లూరు జిల్లాలో ఎవరికి జ్వరం వచ్చినా ముందు అడిగేది "ప్లేట్‌లెట్లు ఎంతున్నాయి?" అనే. రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే ఈ కణాలు పడిపోతాయని డెంగీ నేర్పిన భయమది. ఇప్పుడది కడుపుతో ఉన్న ఆడపిల్లల రిపోర్టుల దాకా పాకింది.

పోయినేడు కావలిలో మా పిన్ని కూతురికి ఎనిమిదో నెలలో సీబీపీ (రక్తకణాల లెక్క పరీక్ష) తీస్తే ప్లేట్‌లెట్లు 1.08 లక్షలు వచ్చాయి. కాగితం మీద ఆ అంకె పక్కన కిందికి చూపించే బాణం గుర్తు. సాయంత్రానికల్లా అత్తగారు బొప్పాయి ఆకులు దంచి రసం తీశారు. అన్న స్నేహితులకు ఫోన్లు చేసి బ్లడ్ గ్రూపులు రాసుకున్నాడు. అమ్మాయేమో మంచం మీద కూర్చుని ఏడుపు. మర్నాడు నెల్లూరులో డాక్టరమ్మ బీపీ చూసి రెండే అడిగారు: "తలనొప్పి ఉందామ్మా? మూడో నెలలో ప్లేట్‌లెట్లు ఎంత?" మొదటిదానికి లేదంది. రెండోది ఎవరికీ తెలీదు.

మామూలుగా ప్లేట్‌లెట్లు 1.5 నుంచి 4.5 లక్షల మధ్య ఉంటాయి. గర్భంతో ఉన్నప్పుడు రక్తంలో నీటి భాగం పెరుగుతుంది కాబట్టి చివరి నెలల్లో ఈ లెక్క కొంత తగ్గుతుంది. నూటికి ఐదు నుంచి పది మందిలో 1.5 లక్షల కిందికి వస్తుంది. వాళ్లలో ఎక్కువమందికి గర్భం తప్ప వేరే జబ్బేమీ ఉండదు. సాధారణంగా లక్షకు పైనే నిలబడుతుంది, తల్లికీ బిడ్డకీ హాని ఉండదు, కాన్పయ్యాక కొన్ని వారాల్లో దానంతటదే సర్దుకుంటుంది. దీనికి మందు అక్కర్లేదు, ఆకు రసం అసలే అక్కర్లేదు. ఒక్కోసారి ట్యూబులో ప్లేట్‌లెట్లు గుంపులుగా అతుక్కుని మిషన్ తక్కువగా లెక్కపెడుతుంది. స్లైడ్ మీద చూస్తే ఆ సంగతి బయటపడుతుంది.

అదే 1.08 లక్షలు బీపీ 160/110 ఉన్న తల్లికి వస్తే కథ వేరు. తల పగిలిపోతున్నట్టు నొప్పి, కళ్లు మసకలు, కుడి డొక్క కింద పోటు. ఈ పోటునే మన ఇళ్లలో గ్యాస్ అనుకుని బిళ్ళ మింగించి పడుకోబెడతారు. నాకు అన్నిటికంటే భయం వేసేది ఇక్కడే. గుర్రపు వాతం (గర్భంతో ఉన్నప్పుడు బీపీ పెరిగే జబ్బు) ముదిరి హెల్ప్ సిండ్రోమ్ అయితే ఎర్ర రక్తకణాలు పగిలిపోతాయి, లివర్ దెబ్బతింటుంది, ప్లేట్‌లెట్లు గంటల్లో పడిపోతాయి. ఫిట్స్ రావచ్చు, మాయ ముందే ఊడి రక్తస్రావం కావచ్చు. ప్లేట్‌లెట్లు ఎక్కించినంత మాత్రాన జబ్బు ఆగదు, కాన్పు చేయడమే దారి.

మూడో నెలలోనే తక్కువుంటే మన రోగనిరోధక శక్తే ప్లేట్‌లెట్లను చంపేసే ఐటీపీ కావచ్చు. దానికి స్టెరాయిడ్ బిళ్ళలు వాడతారు, పుట్టిన బిడ్డకూ లెక్క చూడాలి. డాక్టరమ్మ పాత అంకె అడిగింది అందుకే. ఇక జ్వరంతో పాటు ప్లేట్‌లెట్లు పడిపోతే డెంగీని అనుమానించాలి. అప్పుడు పారాసిటమాల్ తప్ప నొప్పుల ఇంజెక్షన్ జోలికి పోకూడదు. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర వేయించేది చాలాసార్లు అదే.

సిజేరియన్‌కు ప్లేట్‌లెట్లు 50 వేలైనా ఉండాలంటారు. నడుముకు మత్తు ఇవ్వాలంటే 70 వేలు దాటి ఉంటే మేలని చూస్తారు. ప్లేట్‌లెట్ల సంచి 20 నుంచి 24 డిగ్రీల్లో, ఆగకుండా ఊపుతూ, ఐదు రోజులే నిలవుంటుంది. అన్ని ఊళ్లలో దొరికే సరుకు కాదు. అందుకే ఉదయగిరి, సీతారామపురం వైపు పల్లెల్లో ఉన్న తల్లికి లెక్క బాగా తక్కువుంటే, కాన్పు ఎక్కడో నొప్పులు రాకముందే తేల్చుకోవాలి. అర్ధరాత్రి 108 ఎక్కాక కాదు.

ప్రతి నెలా 9న ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకు ప్రత్యేకంగా పరీక్షలు చేస్తారు. కార్డులో హిమోగ్లోబిన్ రాస్తున్నారు. సీబీపీ తీసిన ప్రతిసారీ ప్లేట్‌లెట్ల అంకెనూ, ఆ రోజు బీపీనీ పక్కపక్కనే రాయాలని నా కోరిక. మిషన్ ఇచ్చే కాగితంలో ఆ అంకె ఎలాగూ ఉంటుంది. ఏఎన్‌ఎమ్మకు పట్టేది అర నిమిషం.

మా అమ్మాయి మూడో నెల రిపోర్టు రెండు రోజులు వెతికితే బీరువాలో దొరికింది, రేషన్ కార్డు జిరాక్సుల మధ్యన. 1.74 లక్షలు. ఆ ఫొటో పంపిస్తే డాక్టరమ్మ, "సరేమ్మా, పదిహేను రోజులకు మళ్లీ సీబీపీ తీయించు, బీపీ మాత్రం వారం వారం చూపించుకో" అన్నారు.