క్షిపణి దోహాలో, బీపీ జగిత్యాలలో

"ఎక్కడో యుద్ధమైతే నీకెందుకు టెన్షన్?" అని తేలిగ్గా అనేవాళ్లని ఒక్క రాత్రి మా మేనత్త ఇంట్లో కూర్చోబెట్టాలి.

2025 జూన్ 23, రాత్రి పది దాటింది. ఖతార్‌లోని అల్ ఉదీద్ అమెరికా స్థావరం మీద ఇరాన్ క్షిపణులు వేసిందని టీవీలో స్క్రోలింగ్. అత్త కొడుకు దోహాలో డ్రైవర్. ఫోన్ కలవట్లేదు. వాట్సాప్‌లో ఒక్క టిక్కే. టీవీలో అవే నాలుగు నిప్పుగీతలు తిప్పి తిప్పి వేస్తున్నారు, వెనకాల సైరన్ మోత. (సైరన్ శబ్దాలు వాడొద్దని మే నెలలోనే కేంద్రం చానళ్లకు చెప్పింది. ఎవరు విన్నారు?) కట్టేస్తానంటే అత్త రిమోట్ కొంగులో దాచుకుంది. చెయ్యి పట్టుకుంటే మంచుగడ్డలా ఉంది.

ఒంటిగంటకు వాడే చేశాడు. "చప్పుడు ఇన్నమమ్మా, కిటికీలు అదిరినయ్. ఫోన్ చార్జింగ్ అయిపోయింది. తిని ఒరిగిన, కన్నంటుకుంది."

ఆ దాడిలో ఎవరూ చనిపోలేదు. తెల్లారేసరికి కాల్పుల విరమణ అని ట్రంప్ ప్రకటించాడు కూడా. చప్పుడు విన్నవాడు నిద్రపోయాడు. దాదాపు మూడు వేల కిలోమీటర్ల ఇవతల టీవీ చూసినామెకు వారమైనా బీపీ దిగలేదు. డాక్టర్ మాత్ర పెంచాడు తప్ప, కొడుకు ఎక్కడుంటాడని అడగలేదు.

2013లో అమెరికాలో బోస్టన్ మారథాన్ పేలుళ్ల తర్వాత ఆ దేశపు పరిశోధకులు ఇదే గమనించారు. రోజుకు ఆరు గంటలు, అంతకు మించి ఆ వార్తలే చూసినవాళ్లలో ఒత్తిడి లక్షణాలు, పేలుళ్ల దగ్గర ఉన్నవాళ్లలో కంటే ఎక్కువట. చదివినప్పుడు నాకు అత్త కొంగులోని రిమోటే గుర్తొచ్చింది.

ఆమెకిది రెండోసారి. 1990 ఆగస్టులో సద్దాం సైన్యం కువైట్‌లో దిగినప్పుడు మామయ్య అక్కడే ఉన్నాడు. నెలన్నర కబురు లేదు. జోర్డాన్‌లోని అమ్మాన్ నుంచి మనవాళ్లు 1,70,000 మందికి పైగా విమానాల్లో వచ్చారే, ఆ గుంపులోనే ఇల్లు చేరాడు. "అప్పుడే నయముండె బిడ్డా, ఏం తెల్వకపోయేది. నాట్లకు పోయేదాన్ని" అంటుంది. నేను పూర్తిగా నమ్మను. ఆ నెలన్నరలో ఎంత చిక్కిపోయిందో మా అమ్మ చెప్పింది. కానీ పొలంలో ఉన్నంతసేపైనా సైరన్ లేదు కదా.

చివరికి కేబుల్ పైసలు కట్టలేదని అబద్ధం చెప్పి కనెక్షన్ తీయించాను. నాలుగు రోజులు బాగానే గడిచింది అనుకున్నా. పక్కింట్లో కూర్చొని చూసొస్తోందని తర్వాత తెలిసింది.