గిటారు ముట్టుకుంటే సంగీతం చచ్చిపోతుందా?

"తప్పక చదవండి, మీ పిల్లలతో చదివించండి" అన్న తోక తగిలించిన ఒక సందేశం ఈ నెలలో నాకు ఆరుసార్లు వచ్చింది. పంపినవారిలో ఇద్దరు ఒకప్పుడు నాతో కలిసి కచేరీలకు వచ్చినవారు కాబట్టే ఈ మాత్రం శ్రమ పడుతున్నాను. గిటారూ కంప్యూటరూ చేతికి వచ్చిన రోజే ఆఫ్రికా సంగీతం చచ్చిపోయిందనీ, అక్కడి నేటి కళాకారులు తాతల వాద్యాలను పాడుబెట్టి అమెరికాను అనుకరిస్తున్నారనీ, మనకూ ఆ గతి పట్టకముందే మేలుకోవాలనీ దాని సారాంశం. మొత్తం ఐదు అంశాలు.

నైజీరియా గాయకుడు ఫేలా కుటి "ఆఫ్రోబీట్స్" కనిపెట్టి తన దేశాన్ని చెడగొట్టాడన్నది మొదటిది. తన యోరుబా జాతి లయలను పశ్చిమాఫ్రికా నృత్య సంగీతం హైలైఫ్‌తో, జాజ్‌తో కలిపి ఆయన నిలబెట్టినది ఆఫ్రోబీట్. చివర "స్" చేరిన పేరు 1997లో ఆయన పోయిన తరువాత ప్రచారంలోకి వచ్చిన పాప్ ధోరణిది. యంత్రాలు ఆత్మను చంపుతాయన్న రెండో అంశం ఫోనులో టైపు చేసి పంపినది కనుక దానికి జవాబు అక్కర్లేదు.

మూడో అంశం దగ్గర నా ఓపిక నశించింది. ఆఫ్రికాలో మొదటినుంచీ ఉన్నవి డప్పులేననీ, రాగమన్నది తెల్లవాళ్లు నేర్పినదేననీ అందులో రాశారు. డప్పును చిన్నచూపు చూసే ఆ గొంతు మన ఊళ్లలోనూ విన్నదే. పెద్ద సొరబుర్రను సగానికి కోసి, ఆవు తోలు బిగించి, 21 తీగలు కట్టిన కోరాను మాలి, గాంబియా, సెనెగల్, గినియా దేశాలలో జెలి కుటుంబాలు, అంటే వంశపారంపర్యంగా గాథలు పాడే కళాకారుల కుటుంబాలు, తరతరాలుగా వాయిస్తున్నాయి. బొటనవేళ్లతో మంద్రస్వరాలు, చూపుడువేళ్లతో పైస్వరాలు ఒకేసారి పలికించే ఆ వాద్యానికి సిలాబా, తోమొరా, హార్దినో, సౌతా అని శ్రుతి చేసే పద్ధతులు వేరువేరుగా ఉన్నాయి. సౌతాలో నాలుగో స్వరాన్ని పెంచి కడతారు, అంటే మన పరిభాషలో ప్రతి మధ్యమం వైపు మొగ్గుతారు. దీన్ని ఏ తెల్లవాడు ఏ పడవలో దిగి నేర్పాడో సందేశకర్త సెలవిస్తే వినాలని ఉంది.

పాడుబెట్టిన సంగతీ చూద్దాం. మాలికి చెందిన తుమానీ జబాతే 1988లో కోరా ఒక్కదానితోనే ఒక ఆల్బమ్ విడుదల చేశారు. అదే సంవత్సరం స్పెయిన్ ఫ్లమెంకో బృందం కేతామాతో కలిసి వాయించిన ఆల్బమూ వచ్చింది. హిప్‌హాప్‌లో పేరు తెచ్చుకున్న ఆయన కొడుకు సిదికీ 2014లో తండ్రి పక్కన కూర్చుని, కేవలం రెండు కోరాలతో, పాత కృతులనే వాయించాడు. ఇందులో పాడైనది ఏ వాద్యమో నాకు అర్థం కాలేదు.

మాలి గిటారు కళాకారుడు అలీ ఫర్కా తురే, అమెరికా నల్లజాతీయుల బ్లూస్ సంగీతంలో పేరున్న గాయకుడు జాన్ లీ హూకర్‌ను కాపీ కొట్టాడన్న నాలుగో అంశం తాతకు దగ్గులు నేర్పిన చందంగా ఉంది. తురే గిటారుకు ముందే ఒంటితీగ వాద్యాలు వాయించినవాడు. హూకర్ పాట విన్నప్పుడు ఇది మా నేల సంగీతమే కదా అనుకున్నవాడు. బ్లూస్ పుట్టింది అమెరికాలోనే, కాదనను. అయితే దాన్ని పుట్టించినవారి తాతముత్తాతలను ఓడలలో బంధించి తీసుకుపోయింది ఎక్కడినుంచో సందేశంలో ఒక్క ముక్క లేదు.

ఐదోది స్వచ్ఛత, అంటే కలగలుపు లేని పాత సంగీతమే అసలైనదన్న మాట. 2012లో ఉత్తర మాలిని ఆక్రమించిన సాయుధ మూకలు సంగీతాన్ని నిషేధించినప్పుడు ఇది పాతది, ఇది కలగలుపు అని ఏరి చూడలేదు. సోంఘాయ్ బ్లూస్ బృందం ఉత్తరాన్ని వదిలి రాజధాని బమాకో చేరినవారి నుంచే పుట్టింది. పైగా ఈ సందేశం పంపిన మిత్రుడే ద్వారం వెంకటస్వామి నాయుడు గారి రికార్డింగులు నాకు పంపుతుంటాడు. ఆ వయొలిన్ విజయనగరం కోటగోడల మధ్య మొలిచిందని ఆయన నమ్మకం కాబోలు.

ఒక్క మాట మాత్రం ఒప్పుకోవాలి. విదేశీ వేదికల మీద జెలి గాథలు కుదించుకుపోతున్నాయన్న ఆ సందేశపు చివరి వాక్యం నిజమే. మాలి సామ్రాజ్యాన్ని స్థాపించిన సుంజాతా చక్రవర్తి కథను గంటల తరబడి పాడే సంప్రదాయంలోంచి మా వంటి శ్రోతలకు అందేది తీగల మోత మాత్రమే. ఇన్నేళ్లుగా వింటున్నా ఆ గాథలు పాడే భాషలో ఒక్క మాట నాకు రాదు, నేర్చుకోనూ లేదు.

సందేశానికి జతచేసిన వీడియో కింద "కలుషితం కాని అసలైన ఆఫ్రికా" అని రాశారు. అందులో ఒక ముసలాయన కోరా అద్భుతంగా వాయించాడు. పూర్వం ఆ తీగలను జింక తోలు చీలికలతో పేనేవారు. ఆయన కోరాకు కట్టి ఉన్నవి చేపలు పట్టే నైలాన్ దారాలు.