రిపోర్టులో లొంగిన బ్యాక్టీరియా ఒంట్లో ఎందుకు మొండికేస్తుంది?

రోగి నుంచి తీసిన బ్యాక్టీరియాను ల్యాబ్‌లో పెంచి, ఏ మందుకు లొంగుతుందో చూసి ఇచ్చే కల్చర్ రిపోర్టులో మందు పేరు ఎదురుగా 'సెన్సిటివ్' (లొంగుతుంది) అని కనిపిస్తే సగం టెన్షన్ తగ్గిపోతుంది. ఆ మందు వాడితే బ్యాక్టీరియా పని అయిపోయినట్టే అనుకుంటాం. కానీ ఆ పరీక్షను సాధారణంగా మామూలు గాలిలో, అంటే 21 శాతం ఆక్సిజన్ మధ్య చేస్తారు. అదే బ్యాక్టీరియా చీముగడ్డలోనో, ఇన్ఫెక్షన్ సోకిన ఎముకలోనో ఉంటే దానికి అందే ఆక్సిజన్ అంతంత మాత్రమే, ఒక్కోచోట దాదాపు సున్నా. రిపోర్టు ఈ తేడా చెప్పదు, మనమూ అడగం.

జెంటామైసిన్, టోబ్రామైసిన్, అమికాసిన్ అనే యాంటీబయాటిక్‌ల సంగతే చూడండి. ఇవి బ్యాక్టీరియా లోపలికి వెళ్లి, అది ప్రోటీన్లు తయారుచేసుకునే రైబోజోమ్‌ను పట్టుకుంటాయి. ముందు లోపలికి వెళ్లాలి కదా! బ్యాక్టీరియా శ్వాసక్రియ వల్ల దాని పొర మీద ఏర్పడే విద్యుత్ తేడాయే ఈ మందును లోపలికి లాగుతుంది. ఆక్సిజన్ బాగా అందితే ఆ తేడా బలంగా ఉంటుంది, మందు ఎక్కువగా చేరుతుంది. అందకపోతే మందు చాలావరకు బయటే ఉండిపోతుంది. ఆక్సిజన్ లేనిచోటే బతికే బ్యాక్టీరియా మీద ఈ మందులు పనిచేయకపోవడానికి కారణం ఇదే.

అలాగని ఆక్సిజన్ పెరిగితే ప్రతి యాంటీబయాటిక్కూ పదునెక్కుతుందా? లేదు. మెట్రోనిడజోల్ అనే యాంటీబయాటిక్ తీరు పూర్తిగా ఎదురు. బ్యాక్టీరియా తన దగ్గరి ఎలక్ట్రాన్‌ను ఇచ్చాకే అది విషంగా మారుతుంది. పక్కన ఆక్సిజన్ ఉంటే ఆ ఎలక్ట్రాన్‌ను అది లాగేసుకుంటుంది, మందు మళ్లీ మొదటికొస్తుంది. కాబట్టి ఏ మందు, ఏ బ్యాక్టీరియా అని చెప్పకుండా ఆక్సిజన్ మంచిదా కాదా అని తేల్చడం కుదరదు.

బయోఫిల్మ్‌లో, అంటే బ్యాక్టీరియా జిగురు పొరలో గుంపుగా అతుక్కుని ఉన్నచోట, చిక్కు ఇంకా ఎక్కువ. కఫం చిక్కబడే పుట్టుకతో వచ్చే జబ్బు సిస్టిక్ ఫైబ్రోసిస్ ఉన్న రోగుల ఊపిరితిత్తుల్లో సూడోమోనాస్ బ్యాక్టీరియా జిగట కఫంలో గుంపులుగా పాతుకుపోతుంది. వాటితో పోరాడటానికి వచ్చిన తెల్ల రక్తకణాలే అక్కడి ఆక్సిజన్‌ను చాలావరకు తినేస్తాయి. లోపలి బ్యాక్టీరియా మందకొడిగా బతుకుతూ మందుకు దొరకదు. ఇలాంటి బయోఫిల్మ్‌లను ల్యాబ్‌లో పెంచి, అధిక పీడనంలో ఆక్సిజన్ ఇచ్చి సిప్రోఫ్లోక్సాసిన్ వేస్తే ఎక్కువ బ్యాక్టీరియా చచ్చినట్టు కోపెన్‌హాగన్ పరిశోధకులు చూపించారు.

ఎందుకలా జరుగుతుందన్నదే వివాదం. చంపే యాంటీబయాటిక్‌లన్నీ బ్యాక్టీరియాలో హానికర ఆక్సిజన్ అణువులను పుట్టించి దెబ్బతీస్తాయని 2007లో బోస్టన్ పరిశోధకులు వాదించారు. ఆక్సిజన్ లేకపోయినా ఈ మందులు చంపుతున్నాయి కదా అని 2013లో వేరే బృందాలు ఎదురు ప్రశ్న వేశాయి. నాకైతే రెండో వాదనే బలంగా కనిపిస్తోంది. ఆక్సిజన్ చేసే ముఖ్యమైన పని నిద్రపోతున్న బ్యాక్టీరియాను లేపడమే అనిపిస్తుంది.

ఇక రోగి విషయానికొద్దాం. మాస్క్ పెట్టి ఆక్సిజన్ ఎక్కువ ఇస్తే చాలు కదా అంటారేమో. ఆరోగ్యవంతుల్లో రక్తంలో ఆక్సిజన్‌ను మోసే హీమోగ్లోబిన్ అప్పటికే దానితో దాదాపు నిండి ఉంటుంది. మామూలు గాలి పీల్చేటప్పుడు 100 మిల్లీలీటర్ల రక్తంలో విడిగా కరిగి ఉండే ఆక్సిజన్ 0.3 మిల్లీలీటర్లే. గాలి పీడనం పెంచే గది అయిన హైపర్‌బారిక్ ఛాంబర్‌లో మూడు రెట్ల పీడనంలో స్వచ్ఛమైన ఆక్సిజన్ ఇస్తే అది 6 మిల్లీలీటర్ల దాకా పెరుగుతుంది. బ్యాక్టీరియా కండను కుళ్లబెట్టే గ్యాస్ గ్యాంగ్రీన్‌లో ఈ పద్ధతిని 1960ల నుంచీ వాడుతున్నారు. అక్కడ కూడా కుళ్లిన కండను కోసి తీసేయడం, యాంటీబయాటిక్‌లు ఇవ్వడం తప్పవు. పైగా తెల్ల రక్తకణాలకూ బ్యాక్టీరియాను చంపడానికి ఆక్సిజన్ కావాలి. అందుకే రోగి కోలుకుంటే అందులో మందు వాటా ఎంతో విడదీసి చెప్పడం కష్టం.

ఆక్సిజన్ అతి అయితే ఊపిరితిత్తులు దెబ్బతింటాయి, ఛాంబర్‌లో ఫిట్స్ రావచ్చు. ఫ్రాన్స్‌లో సెప్టిక్ షాక్ (ఇన్ఫెక్షన్ ముదిరి బీపీ ప్రమాదకరంగా పడిపోవడం) రోగులకు మొదటి 24 గంటలు వెంటిలేటర్ మీద 100 శాతం ఆక్సిజన్ ఇచ్చిన అధ్యయనాన్ని భద్రతా కారణాలతో మధ్యలోనే ఆపేశారు. 2017లో వెలువడిన ఫలితాల్లో 28 రోజుల నాటికి అధిక ఆక్సిజన్ గుంపులో 43 శాతం, మామూలు మోతాదులో ఆక్సిజన్ ఇచ్చిన రెండో గుంపులో 35 శాతం మంది చనిపోయారు. ఈ తేడా యాదృచ్ఛికం కావచ్చు, గణాంకాల లెక్కలో గట్టిగా నిలబడలేదు. కానీ అందరికీ ఆక్సిజన్ దంచేద్దాం అనేవాళ్లు ఆ అంకెలను దాటి వెళ్లలేరు. అంతకంటే చీముగడ్డ, ఎముక ఇన్ఫెక్షన్ల కేసుల్లో తక్కువ ఆక్సిజన్‌లోనూ మందు పరీక్షను ఇంకోసారి చేసి చూడటం నాకు సబబుగా తోస్తోంది. దానికి రోగిని ఛాంబర్‌లోకి ఎక్కించాల్సిన పని కూడా లేదు.