528 నొక్కులు

ఇప్పుడే అక్క గదిలోంచి వచ్చి కూర్చున్నాను. ఒళ్ళు మండిపోతోంది. రేపటికి చల్లారితే మర్యాదగా రాస్తానేమోనన్న భయంతో ఇప్పుడే రాసేస్తున్నాను.

విషయం చాలా చిన్నది. అక్క ఆన్‌లైన్‌లో ఒక దరఖాస్తు నింపాలి. అంతే. అక్కకు చూపు లేదు కానీ కంప్యూటర్ ముందు కూర్చుంటే నాకంటే వేగం. స్క్రీన్ రీడర్ పేజీని చదివి వినిపిస్తుంటే అక్క వింటూ పోతుంది. ఆ వేగం ఎంతంటే, మొదటిసారి విన్నప్పుడు స్పీకర్ పాడైందనుకుని తీగ ఊపి చూశాను. ఇరవై ఏళ్ళుగా అదే పద్ధతిలో ఉద్యోగం చేస్తోంది. మౌస్ ముట్టుకోదు. ఎవరినీ సాయం అడగదు, అడిగించుకోవడం కూడా ఇష్టం ఉండదు. అలాంటి మనిషి ఈ సాయంత్రం "ఒరేయ్, ఒక్క నిమిషం వస్తావా" అంది.

వెళ్ళి చూస్తే పుట్టిన తేదీ దగ్గర ఆగిపోయి ఉంది. ఆ పెట్టెలో టైప్ చేస్తే అక్షరం పడదు. కావాలనే తాళం వేశారు. కేలండర్ తెరిచి అందులోనే నొక్కాలట. ఆ కేలండరేమో కీబోర్డుకు తెరుచుకోదు, మౌస్ వస్తేనే తలుపు తీస్తుంది. సరే, నేను మౌస్ పట్టుకున్నాను. ఈ నెల వచ్చింది. సంవత్సరం మార్చే దారి ఎక్కడా లేదు. ఎడమ పక్కన చిన్న బాణం గుర్తు, ఒక్కో నొక్కుకు ఒక్కో నెల వెనక్కి. అక్కకు 44 ఏళ్ళు. 528 నొక్కులు.

పుట్టిన తేదీకి కేలండర్ ఎందుకయ్యా? ఎవరైనా తాము పుట్టింది మంగళవారమో బుధవారమో చూసుకుని, ఖాళీ ఉందనుకుని ఎంచుకుంటారా? రోజు, నెల, సంవత్సరం అని మూడు మామూలు పెట్టెలు పెడితే అయిపోయేది. ఈ కేలండర్ రాసిన మహానుభావుడు పోయిన వారం పుట్టినవాళ్ళనే దృష్టిలో పెట్టుకున్నట్టున్నాడు. నాకు కళ్ళున్నాయి, మౌస్ ఉంది, అయినా రెండు వందల దగ్గర వేలు పీకడం మొదలైంది. విసుగొచ్చి టకటకా నొక్కితే అసలు నెల దాటి వెనక్కి పోయాను. మళ్ళీ ముందుకు.

అది దాటాక డ్రాప్‌డౌన్లు, నొక్కితే జాబితా తెరుచుకునే పెట్టెలు. చూడ్డానికి డ్రాప్‌డౌన్, లోపల అంతా డివ్‌లు, అంటే తామేమిటో చెప్పుకోలేని ఉత్త డబ్బాలు. స్క్రీన్ రీడర్‌కు అందులో ఏమున్నాయో తెలియదు, "క్లికబుల్, క్లికబుల్" అంటూ పోతుంది. కాబట్టి ఆ పేజీ అంతా నేనే చదవాలి, అక్క చెప్పాలి, నేను ఎంచాలి. ఆ పేజీలో అడిగినవి ఆరోగ్య వివరాలు. ఏ జబ్బు, ఎప్పటి నుంచి, ఏ మందులు. అక్క కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత చెప్పింది. ఇంట్లో ఎవరికీ చెప్పని విషయం ఒకటి ఉందని నాకు ఇవాళ తెలిసింది. అదేమిటో ఇక్కడ రాయను. నాకు చెప్పాలని అక్క అనుకోలేదు. ఎవరో డెవలపర్‌కు జాబితాల కోసం బ్రౌజర్ ఇచ్చే సెలెక్ట్ అనే మామూలు ట్యాగ్ చూడ్డానికి నచ్చలేదు గనక చెప్పాల్సి వచ్చింది.

ఇది తలుచుకుంటేనే నాకు మండుతోంది. మిగతావన్నీ విసుగు. ఇది వేరు.

సరే, సబ్మిట్ నొక్కాం. ఏమీ జరగలేదు. "ఏమందిరా?" అంది అక్క. ఏమీ అనలేదు. ఒక పెట్టె చుట్టూ ఎర్ర గీత వచ్చింది, అంతే. ఎర్ర గీత శబ్దం చేయదు కదా. పై మూలన ఒక చిన్న చీటీ తేలి, "తప్పులు సరిదిద్దండి" అని మూడు సెకన్లు మెరిసి మాయమైంది. స్క్రీన్ రీడర్‌కు ఆ చీటీ సంగతే తెలియదు. ఏ తప్పో నాకూ తెలియలేదు. తీరా చూస్తే ఫోన్ నంబర్ మధ్యలో ఒక ఖాళీ పడింది. ఆ ఖాళీ తీసేయడం కంప్యూటర్‌కు ఎంత సేపు పని? మనిషికి చెప్పి తీయించాలా?

తర్వాత క్యాప్చా. మనిషెవరో యంత్రమెవరో తేల్చే పరీక్ష అది. బస్సులున్న బొమ్మలు ఎంచమంది. అక్క చెవి బొమ్మ గుర్తు నొక్కింది, వినే పరీక్ష కోసం. హోరులో ఎవరో ఏదో గొణిగారు. దాని మీద స్క్రీన్ రీడర్ తన మాట తాను చెప్పింది. రెండూ కలిసి చేపల సంత. మూడుసార్లు తప్పింది. మనిషినని నిరూపించుకోలేకపోయావని ఒక యంత్రం మా అక్కకు చెప్పింది! ఈ పరీక్షలు ప్రోగ్రాములకు దాటడం తేలికై చాలా కాలమైంది. ఇంకా తప్పుతున్నది మనుషులే.

ఆఖరికి ఓటీపీ. ఆరు అంకెలకు ఆరు విడివిడి పెట్టెలు, దేనికీ పేరు లేదు. "ఎడిట్ బ్లాంక్, ఎడిట్ బ్లాంక్, ఎడిట్ బ్లాంక్..." పేస్ట్ చేద్దామంటే కుదరదు, భద్రతట. ఈలోగా సెషన్ అయిపోయింది. మొత్తం పోయింది. పేరు, చిరునామా, జబ్బు, 528 నొక్కులు, అన్నీ.

టైమ్ అయిపోయే ముందు హెచ్చరించాలి, ఇంకాస్త టైమ్ అడగడానికి కనీసం 20 సెకన్లయినా ఇవ్వాలి అని డబ్ల్యూసీఏజీలో, అంటే వెబ్ పేజీలు అందరూ వాడగలిగేలా ఉండాలని చెప్పే మార్గదర్శకాల్లో, 2008 నుంచే రాసి ఉంది. కొత్త విడ్డూరం కాదు. ఆ మార్గదర్శకాల మొదటి వెర్షన్ 1999లో వచ్చింది. 2.0 వచ్చింది 2008లో, 2.1 వచ్చింది 2018లో, 2.2 వచ్చింది 2023లో. ఈ కేలండర్ రాసిన కుర్రాడు పలక పట్టకముందు నుంచే ఉన్నట్టుంది అది.

అక్క మాత్రం చాలా శాంతంగా ఒకే ఒక్క మాట అంది. "ఇలాంటివి చేసేది మీవాళ్ళే కదరా?"

మావాళ్ళే. నేను పన్నెండేళ్ళుగా ఫ్రంట్ ఎండ్ పని, అంటే సైటులో జనం చూసే, నొక్కే భాగం తయారుచేసే పని చేస్తున్నాను. అందుకే నాకు తెలిసిన సంగతి ఒకటి చెబుతాను, మా రంగంలో దీన్ని ఎవరూ బయటికి అనరు. సైటు అందరూ వాడగలిగేలా చేయడాన్ని యాక్సెసిబిలిటీ అంటాం. "యాక్సెసిబిలిటీ అంటే అదనపు పని, టైమ్ లేదు, బడ్జెట్ లేదు" అంటారు చూడండి, అది పచ్చి అబద్ధం. తిరగేసి చెబుతున్నారు. బటన్ అనే ట్యాగ్ పెడితే ట్యాబ్ కీకి అందుతుంది, ఎంటర్‌కూ స్పేస్‌కూ పలుకుతుంది, స్క్రీన్ రీడర్‌కు తాను బటన్‌నని తానే చెప్పుకుంటుంది. మనం ఒక్క లైన్ జావాస్క్రిప్ట్ రాయక్కర్లేదు. బ్రౌజర్ ఊరికే ఇస్తుంది. లేబుల్ ట్యాగ్ కూడా అంతే, పెట్టెకు పేరొస్తుంది, పైగా ఆ పేరు మీద నొక్కినా కర్సర్ పెట్టెలోకి వెళ్తుంది. సెలెక్ట్ కూడా అంతే. ఏ స్టైలూ లేని ఉత్త హెచ్‌టీఎంఎల్ పేజీ చూడ్డానికి వికారంగా ఉంటుందేమో గానీ దాన్ని చదవలేనివాళ్ళు, వాడలేనివాళ్ళు చాలా తక్కువ. మనమే కూర్చుని, జీతం తీసుకుని, ఓవర్‌టైమ్ చేసి, ఎవరో రాసిపెట్టిన కోడ్ లైబ్రరీలు నాలుగు దింపుకుని దాన్ని పాడు చేస్తాం. డివ్‌కు బటన్ వేషం వేస్తాం. అదనపు పని అంటే అదీ. పాడు చేయడానికి దొరికిన టైమ్ పాడు చేయకుండా ఉండటానికి దొరకదా?

ఇంతకీ అక్క వాడే స్క్రీన్ రీడర్ పేరు ఎన్‌వీడీఏ. ఉచితం. 2006లో ఆస్ట్రేలియాలో మైకేల్ కరన్ అనే చూపులేని కుర్రాడు మొదలుపెట్టాడు, జేమ్స్ టే అనే ఇంకో చూపులేని ప్రోగ్రామర్ వచ్చి కలిశాడు. అంతకు ముందు స్క్రీన్ రీడర్ కావాలంటే కంప్యూటర్ ఖరీదుకు సమానంగా ఇంకోసారి కట్టాల్సి వచ్చేది. ఇద్దరు మనుషులు, కళ్ళు లేకుండా, విండోస్ మొత్తాన్ని మాట్లాడించారు. మా టీములో పద్నాలుగు మంది కళ్ళున్నవాళ్ళం కలిసి ఒక పెట్టెకు పేరు పెట్టలేకపోయాం.

పేరు అంటే గుర్తొచ్చింది, మా పాత ఆఫీసు సంగతి. ఇది చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు.

అక్కడ ప్రతి ప్రాజెక్టుకూ ఒక ఫేజ్ టూ ఉండేది, తర్వాత చూద్దాం అనే రెండో దశ. లేబుళ్ళు ఫేజ్ టూ. బొమ్మలో ఏముందో మాటల్లో చెప్పే ఆల్ట్ టెక్స్ట్ ఫేజ్ టూ. కీబోర్డు ఫేజ్ టూ. అక్కడ ఐదేళ్ళు పని చేశాను, ఫేజ్ టూ మొహం చూసిన మనిషి నాకు తారసపడలేదు. ఒక మీటింగ్‌లో మేనేజర్ గారు చాలా తెలివైన ప్రశ్న వేసినట్టు మొహం పెట్టి, "మన యూజర్లలో అలాంటివాళ్ళు ఎంతమంది ఉంటారండీ? డేటా చూపించండి" అన్నారు. ఎవరు స్క్రీన్ రీడర్ వాడుతున్నారో సైటుకు తెలియదు సార్ అన్నాను. "అయితే లేరన్నమాట" అన్నారు. నవ్వారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, అప్రైజల్ నెల అది. మా అక్క అలాంటివాళ్ళలో ఒకరండీ అని అనొచ్చు కదా? అనలేదు. ఆరేళ్ళయింది, ఇప్పటికీ స్నానం చేస్తున్నప్పుడు ఆ మాట అంటూ ఉంటాను, గోడకు.

ఆ ఆఫీసులోనే బూడిద రంగు యుద్ధం జరిగింది. తెల్లటి పేజీ మీద లేత బూడిద అక్షరాలు. డిజైనర్ గారికి అది "క్లీన్". నిజమే, అక్షరాలు కనపడనంత క్లీన్. మామూలు సైజు అక్షరాలకు వెనక రంగుతో కాంట్రాస్ట్, అంటే వెలుగులో తేడా, కనీసం 4.5 కు 1 ఉండాలి. తెలుపు మీద నలుపు 21. ఆయన ముందు పెట్టినది 3 కూడా లేదు. వారం రోజులు మెయిళ్ళు నడిచాక, పెద్ద మనసు చేసుకుని, కోడ్‌లో 777777 అని రాసే బూడిద రంగుకు దిగొచ్చారు. అది 4.48. ఒక్క పిసరు ముదురు చేస్తే 4.54 అవుతుంది సార్, కంటికి తేడా కూడా తెలియదు అన్నాను. "తేడా తెలియకపోతే మార్చడం ఎందుకు" అన్నారు. ఆ మనిషికి ఆ ఏడాది అవార్డు ఇచ్చారు. అవార్డు కాగితం మీద పేరు మాత్రం నల్లగా, దట్టంగా వేశారు.

నా సంగతీ చెప్పాలి. ఒకసారి టికెట్ వచ్చింది, "నొక్కినప్పుడు బటన్ చుట్టూ నీలం గీత వస్తోంది, అసహ్యంగా ఉంది, తీసేయండి." ఆ గీత అక్కకు కాదు. చూపుండీ మౌస్ పట్టలేనివాళ్ళకు, చేతులు వణికేవాళ్ళకు, తాము పేజీలో ఎక్కడున్నారో చూపించేది అదొక్కటే. నాకు తెలుసు. తెలిసే, పేజీ రూపాన్ని నిర్ణయించే సీఎస్ఎస్‌లో ఒక్క లైన్ రాసి సైటు మొత్తం మీద తీసేశాను. అవుట్‌లైన్ నన్. ఐదు నిమిషాల పని. "సూపర్ ఫాస్ట్" అని అందరి ముందు మెచ్చుకున్నారు. పన్నెండేళ్ళలో నాకు దొరికిన గట్టి మెప్పు అదే అనుకుంటాను.

ఇప్పుడు కింద కామెంట్లలో ఎవరో ఒకరు వచ్చి "బ్రో, దానికి విడ్జెట్ ఉంది, ఒక్క లైన్ స్క్రిప్ట్ పెడితే సైటు అందరికీ అందుబాటులోకి వచ్చేస్తుంది" అంటారు. మూలన గుండ్రటి మనిషి బొమ్మ, అదే కదా? అక్కకు అది తగిలితే పేజీయే మూసేస్తుంది. తన రీడర్ మాట్లాడుతుంటే మధ్యలో అది వచ్చి తన మాట మొదలుపెడుతుందట. కేలండర్‌ను బాగుచేయదు, డ్రాప్‌డౌన్‌ను బాగుచేయదు, అక్షరాలు పెద్దవి చేయనా అని అడుగుతుంది. చూపులేని మనిషిని!

ఇంకొకరు ఏఐ అంటారు. ఆ ఏఐ కోడ్ నేర్చుకున్నది ఎవరి దగ్గరండీ? మన దగ్గరే. మొన్న ఒక ఫారం రాయమంటే ముచ్చటగా డివ్‌తో బటన్ చేసి ఇచ్చింది. బొమ్మలకు ఆల్ట్ టెక్స్ట్ రాయడానికి పనికొస్తుంది, ఒప్పుకుంటాను. ఇప్పుడు అక్క వింటున్నవి ఏమిటో తెలుసా, "ఐఎంజీ అండర్‌స్కోర్ నాలుగు ఎనిమిది మూడు రెండు డాట్ జేపీజీ". లేదంటే "బొమ్మ". బొమ్మకు వివరణ ఏమిటంటే బొమ్మ. రాసినవాడికి చెయ్యెత్తి మొక్కాలి.

వెబ్‌ఎయిమ్ అని ఒక సంస్థ ఏటా పది లక్షల హోమ్ పేజీలు పరీక్షిస్తుంది. 2025లో 94.8 శాతం పేజీల్లో తప్పులు దొరికాయి. యంత్రం పట్టుకోగలిగిన తప్పులు మాత్రమే సుమా. ఏళ్ళ తరబడి అవే ఆరు రకాలు పైన ఉంటున్నాయి. వెలిసిన రంగులు, ఆల్ట్ లేని బొమ్మలు, పేరు లేని పెట్టెలు, ఖాళీ లింకులు, ఖాళీ బటన్లు, పేజీ ఏ భాషలో ఉందో చెప్పకపోవడం. ఈ ఆఖరిదానికి కావాల్సింది పేజీ మొదట్లో ఒక్క మాట. అది లేకపోతే స్క్రీన్ రీడర్ ఒక భాషను ఇంకో భాష గొంతుతో చదువుతుంది, విన్నవాడికి నవ్వాలో ఏడవాలో తెలియదు. ఆ ఒక్క మాట కూడా ఫేజ్ టూ.

కంప్లైంట్ పెడదామని వాళ్ళ సైటులో ఫీడ్‌బ్యాక్ పేజీకి వెళ్ళాను. నక్షత్రాలు ఇవ్వమంది. కీబోర్డుతో ఇద్దామని ట్యాబ్ నొక్కితే నక్షత్రాలను దాటి కిందికి వెళ్ళిపోయింది. మౌస్‌తో ఒక నక్షత్రం ఇచ్చాను. కారణం రాయడానికి నూట యాభై అక్షరాలే ఇచ్చారు, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

రేపు పొద్దున్న మళ్ళీ కూర్చుంటాం. ఈసారి నెల దాటిపోకుండా, నేను నొక్కుతుంటే తాను పైకి లెక్కపెడతానంది అక్క.