గడువు ఇవ్వకుండా గెలుపు అడిగితే ఎలా?

2022 నవంబరులో డేవిడ్ షా స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు కోచ్ పదవి వదులుకున్నారు. పన్నెండు సీజన్లలో 96 విజయాలు, పశ్చిమ తీరపు కళాశాల జట్ల కూటమి అయిన పాక్-12లో మూడు టైటిళ్లు సాధించిన మనిషి ఆయన. అలాంటి కోచ్ జట్టు చివరి రెండు సీజన్లలోనూ పన్నెండు మ్యాచ్‌లు ఆడి మూడేసి మాత్రమే గెలిచింది. అంత అనుభవజ్ఞుడు ఉన్నట్టుండి ఆట మరిచిపోయాడంటే నేను నమ్మను. మారింది నిబంధనలు.

2021 నుంచి ఆటగాడు ఒక ఏడాది ఖాళీగా కూర్చోకుండానే మరో కళాశాల జట్టుకు మారవచ్చు. తన పేరుతో, ఫొటోతో ప్రకటనల డబ్బు సంపాదించుకోవచ్చు. రెండూ ఆటగాళ్లకు ఎప్పుడో దక్కవలసిన హక్కులే. కానీ సీజన్ ముగియగానే పోటీ జట్లు ఆరితేరిన ఆటగాళ్లను గుంపులుగా తెచ్చుకుంటుంటే, స్టాన్‌ఫర్డ్ కోచ్ మాత్రం అడ్మిషన్ల విభాగం నిర్ణయం కోసం ఎదురుచూడాలి. కోచ్ మెచ్చినంత మాత్రాన అక్కడ సీటు రాదు. వేరే కళాశాల నుంచి మధ్యలో వచ్చేవారికి సీట్లు మరీ తక్కువ.

ఈ పట్టింపు తప్పని అనను. ఆటతో బతుకు గడిచేది కొద్దిమందికే. మిగిలినవారికి దిక్కు డిగ్రీయే. ఆండ్రూ లక్ 2011లో ప్రొఫెషనల్ లీగ్ జట్లు ఏటా కళాశాల ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో తొలి ఎంపిక అయ్యే అవకాశం ఉండి కూడా ఆర్కిటెక్చర్ చదువు పూర్తి చేయడానికి స్టాన్‌ఫర్డ్‌లోనే ఆగారు. మరుసటి ఏడాది తొలి ఎంపికగానే వెళ్లారు. ఇప్పుడు స్టాన్‌ఫర్డ్ జట్టుకే జనరల్ మేనేజర్.

చదువులో ఇంతే పేరున్న వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయాన్ని చూడండి. కోచ్ క్లార్క్ లీ తొలి మూడు సీజన్లలో రెండింటిని రెండేసి గెలుపులు, పదేసి ఓటములతో ముగించారు. అయినా తీసేయలేదు. 2024లో న్యూమెక్సికో స్టేట్ నుంచి డియెగో పావియా అనే క్వార్టర్‌బ్యాక్‌ను (జట్టు దాడిని నడిపించే ఆటగాడిని) తెచ్చుకోనిచ్చారు. ఆ అక్టోబరులోనే దేశంలో మొదటి ర్యాంకులో ఉన్న అలబామాను 40-35తో ఓడించారు. అక్కడ పనిచేసినవి రెండు: ఓపిక, మంచి ఆటగాడికి తెరిచిన తలుపు.

స్టాన్‌ఫర్డ్‌లో విద్యార్థుల మీద భారం ఇంకా పెరిగింది. 2024లో జట్టు అట్లాంటిక్ తీరపు కాన్ఫరెన్స్‌లో, అంటే దేశం అవతలి కొస జట్ల కూటమిలో చేరింది. కాలిఫోర్నియా కుర్రాళ్లు గడియారంలో మూడు గంటల తేడా ఉన్న ఊళ్లకు విమానాల్లో వెళ్లి ఆడి, సోమవారం తరగతిలో కూర్చోవాలి. ఆ నిర్ణయంలో కోచ్‌కు పాత్ర లేదు. ఫలితానికి మాత్రం జవాబు చెప్పవలసింది ఆయనే.

2025 చివర్లో ఆ జట్టు పాత క్వార్టర్‌బ్యాక్ తవిటా ప్రిచర్డ్‌ను కోచ్‌గా నియమించారు. ఏటా ఎంతమంది బదిలీ ఆటగాళ్లకు సీటిస్తారో విశ్వవిద్యాలయం ఆయనకు ముందే చెప్పాలి. ఆ సంఖ్యను పెంచలేమంటే, కనీసం నాలుగు సీజన్ల వరకు ఆయన ఉద్యోగం జోలికి పోకూడదు.