కుమ్మరి చేతి గుదియ

క్రీడాసంస్థల పాలనలో దూరదృష్టి అంటే ఏమిటో తెలుసుకోగోరేవారు 1947 మే నెలలో ఇంగ్లండులోని స్టోక్ సిటీ ఫుట్‌బాల్ క్లబ్ పెద్దలు చేసిన ఘనకార్యాన్ని శ్రద్ధగా అధ్యయనం చేయవలసి ఉంది.

యుద్ధం ముగిశాక జరిగిన తొలి పూర్తిస్థాయి లీగ్ సీజన్ అది. మైదానాలు మంచు కింద పడి ఉన్నాయి, బొగ్గుకు కటకట వచ్చింది, కార్మికులు పని ఎగ్గొట్టి ఆటకు పోతారన్న బెంగతో ప్రభుత్వం వారం మధ్యలో మ్యాచ్‌లను ఆపించింది. ఆ విధంగా జూన్ 14 దాకా సాగిన సీజన్‌లో, పింగాణీ పాత్రలకు పేరుపడ్డ స్టోక్ నగరపు జట్టు, అభిమానులు ‘కుమ్మరులు’ అని పిలుచుకునే ఆ జట్టు, అంతవరకు ఎన్నడూ అందని టైటిల్‌కు చేరువైంది. మనవంటి అల్పులమైతే అటువంటి వేళ ఉన్న బలగాన్ని కాపాడుకుంటాం. వారు మాత్రం, ఇంకా మూడు మ్యాచ్‌లు మిగిలి ఉండగా, తమ జట్టులోని మేటి ఆటగాడు స్టాన్లీ మాథ్యూస్‌ను 11,500 పౌన్లకు బ్లాక్‌పూల్ అనే మరో క్లబ్బుకు అమ్మేశారు.

కారణాలు లేకపోలేదు. మాథ్యూస్ ఆ ఊళ్ళోని హాన్లీలో ఒక మంగలి ఇంట పుట్టినవాడు; పెరటి చెట్టు మందుకు పనికిరాదు. పైగా వయసు 32. గాయం మానాక రిజర్వు జట్టులో ఆడి చూపమని మేనేజరు మెక్‌గ్రోరీ అంటే ససేమిరా అన్నాడు. 1938లో అతడు వెళ్ళిపోతానన్నప్పుడు ఊరంతా సభ పెట్టి మరీ ఆపింది. ప్రజాభిప్రాయాన్ని ఒకసారి మన్నించాక రెండోసారి కూడా మన్నించాలని ఏ నియమావళిలోనూ లేదు.

ఇక లెక్క చూడండి. లివర్‌పూల్ తన మ్యాచ్‌లన్నీ ముగించుకుని 57 పాయింట్లతో ఉంది. స్టోక్‌కు 55. గెలుపుకు రెండు పాయింట్లు. పాయింట్లు సమానమైతే వేసిన గోల్స్‌ను ఇచ్చిన గోల్స్‌తో భాగించి తేల్చేవారు. ఆ భాగహారంలోనూ స్టోక్‌దే పైచేయి. అంటే షెఫీల్డ్‌లో షెఫీల్డ్ యునైటెడ్‌పై ఆఖరి మ్యాచ్ గెలవడమనే చిన్న లాంఛనం ఒక్కటే మిగిలింది. 2–1తో ఓడారు. స్థానిక కప్పు కోసం తమ ఊరి మరో జట్టు ఎవర్టన్‌తో ఆడుతున్న లివర్‌పూల్ ఆటగాళ్ళు తాము ఛాంపియన్లయ్యామన్న కబురు మైదానంలోనే విన్నారు. స్టోక్‌కు నాలుగో స్థానం. కుమ్మరికి ఒక ఏడు, గుదియకు ఒక పెట్టు అంటారు; కుమ్మరి ఏడాది శ్రమ దుడ్డుకర్ర ఒక్క దెబ్బకు సరి అని. గుదియను కూడా కుమ్మరే పట్టుకోవడం మాత్రం అరుదు.

అమ్ముడుపోయిన ‘ముసలివాడు’ 1953లో బ్లాక్‌పూల్‌కు ఇంగ్లండు క్లబ్బుల నాకౌట్ పోటీ అయిన ఎఫ్.ఎ. కప్పు సాధించిపెట్టి, 1956లో ఐరోపా ఉత్తమ ఆటగాడిగా తొట్టతొలి బాలన్ డి’ఓర్ అందుకున్నాడు. 1961లో, 46 ఏళ్ళ వయసులో, స్టోక్ అతణ్ణి మళ్ళీ డబ్బిచ్చి తెచ్చుకుంది. అంతకుముందు సొంత మైదానంలో జరిగిన మ్యాచ్‌కు 8,409 మంది వస్తే, అతడు తిరిగి దిగిన రోజున 35,974 మంది వచ్చారు. డైరెక్టర్లు టిక్కెట్టు కొనే అలవాటు లేదు గనుక వారిని ఈ లెక్కలో కలిపారో లేదో చెప్పలేను.