కాలు లేకుంట చెప్పులెట్ల కొంటవ్?

పెత్తరమాస ఇంక మూడు రోజులుంది. తిప్పర్తి నుంచి నల్లగొండకు పోయి బతుకమ్మ పండుగ సామాన్లు తేవాలె. మూడున్నరేండ్ల మా చిన్నోణ్ణి తోల్కపోవుడా, ఇంట్ల ఉంచుడా అని పొద్దున చాయ్ కాడ లొల్లి మొదలైంది. అటు మా అమ్మ, ఇటు నా భార్య, నడుమ పల్లికాయలు ఒలుసుకుంట నేను. విన్నది విన్నట్టు రాస్తున్న. నన్ను ఎవరూ అడగలేదు గనుక నా మాటలు బ్రాకెట్లల్ల పెట్టిన.

అత్త: తోల్కపో బిడ్డా. పిలగాడు బజారు సూడకుంటె ఇంకేం సూస్తడు? నీ మొగణ్ణి సంకనేసుకొని నేను అంగడంత తిరగలేదా?

కోడలు: మీరు తిరిగిన అంగడి వేరు, నేను పోయే దుకాణం వేరు అత్తమ్మా.

అత్త: ఏం వేరు? ఉప్పు ఉప్పే, పప్పు పప్పే.

కోడలు: అవి ఏడ పెడ్తున్నరో సూడున్రి. అప్పుడు డబ్బాలన్నీ సేటు ఎనకాల ఉండె. మీరు చెప్తుంటె ఆయన జోకి పొట్లం కట్టిచ్చె. పోరడు ఎంత ఏడ్సినా సేటు చెయ్యి దాటి ఏదీ రాదు. ఇప్పుడన్నీ వీని ముందటనే. బొమ్మలున్న బిస్కెట్లు, చాక్లెట్లు కింది అరల, సరిగ్గ వీని చెయ్యందేకాడ. తెల్వక పెట్టిన్రనుకుంటున్నరా? బిల్లు కొట్టేకాడ లైన్ల నిలబడ్డమా, ఆడ గూడ అవే.

(ఈ మాటకు సాక్ష్యం ఉంది. పోయినసారి ఒక చాక్లెట్ కాయితం మీద పైన నాలుగు, కింద మూడు పండ్ల గాట్లతోని ఇంటికొచ్చింది. గాట్లు సరిగ్గ నల్లగీతల మీద పడ్డయంట. బిల్లు కొట్టే పిలగాడు మిషన్ ముందట దాన్ని ఎటు మర్లేసినా అది పలకలేదంట.)

అత్త: మా సేటు అయితే ఇన్ని పుట్నాలు, ఇంత బెల్లం ముక్క నీ మొగని చేతుల పెట్టేటోడు. బియ్యం బస్త మీద కూసొని నమిలేటోడు.

కోడలు: అది కొసరు. ఇప్పుడు కొసరు లేదు, బిల్లే.

అత్త: పోనీ, ఫోన్ చేతుల పెట్టు. సప్పుడు జెయ్యడు.

కోడలు: ఫోన్ వాని చేతులుంటె పైసలు దేనితోని కొట్టాలె? మొన్న గాజుల దుకాణంల గదే అయింది. స్కాన్ చేద్దామని గుంజుకున్న, వాడు కింద పడి దొర్లుడు మొదలుపెట్టిండు. నా చేతికి గాజులు సగం ఎక్కినయ్, సగం ఆమె పట్టుకోనుంది. అయినా ఐదేండ్ల లోపు పిల్లలకు రోజుకు గంట కన్న ఎక్కువ ఫోన్ చూపియ్యొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థోళ్ళు 2019లనే చెప్పిన్రు.

అత్త: ఆళ్ళనొచ్చి ఆ గంట వీణ్ణి పట్టుకోమను.

(ఇక్కడ నాకు నవ్వాగలేదు. ఇద్దరూ నా దిక్కు సూసిన్రు. మళ్ళ పల్లీల్ల పడ్డ.)

అత్త: బస్సు గూడ ఫిరీనే కదనే.

కోడలు: 2023 డిసెంబర్ తొమ్మిది నుంచి ఫిరీ. మంచిదే, కానీ పండుగ ముందట కాలు పెట్ట సందుండదు. వీనికి టికెట్ లేదు, టికెట్ లేదు గనుక సీటు లేదు. నా ఒళ్ళే సీటు. పోయేటప్పుడు వీడొక్కడే, వచ్చేటప్పుడు వీడు, రెండు సంచులు. గింతల వీనికి నిద్రొస్తది. ప్రకాశం బజార్ల నడిమిట్ల ఒంటికొస్తుందంటడు. ఏడికి తీస్కపోవాలె? చీరెల దుకాణమోళ్ళనే బతిమిలాడాలె.

అత్త: ఆపుకొనుడు నేర్వాలె గదా.

కోడలు: మూడేండ్లకా?

అత్త ఏమనలేదు.

కోడలు: పోయిన నెల గడియారం సెంటర్ల చెయ్యి ఇడిపిచ్చుకున్నడు. రెండు నిమిషాలు కూడ కాలే, బెలూన్లమ్మేటాయన కాడ దొరికిండు. ఆ రెండు నిమిషాలు నాకు ఏం ఇనపడలే. మోచేతి మీద పెన్నుతోని నంబర్ రాసే తీస్కపోయిన, చెమటకు సగం అంకెలు పోయినయ్.

అత్త: రాసుడు గాదు, నేర్పాలె. నాయిన పేరు, ఊరి పేరు పాట లెక్క నేర్పు. ఎవలడిగినా చెప్తడు.

కోడలు: నేర్పిన. తిప్పత్తి అంటడు. తప్పిపోతె 1098కు కొట్టుమని నాకు తెల్సు, ఆ బెలూన్లాయనకు తెల్వాలె కదా. అత్తమ్మా, అసలు సంగతి చెప్పున్రి. ఇంట్ల ఉంచితె మీకేమైతది?

అత్త: (జరసేపాగి) నా మోకాళ్ళు పట్టుకపోయినయ్ బిడ్డా. వాడు కోళ్ళెంబడి ఉరికితె నేను ఉరకలేను. కాల్వ దిక్కు పోయిండనుకో...

(మా అమ్మ ఈ మాట ముందే చెప్పుంటె అరగంట లొల్లి తప్పేది. ఇంకో మాట కూడ రాయాలె. నేను నల్లగొండకు పోయిన ఏ ఒక్కసారీ, చిన్నోణ్ణి తీస్కపోతవా అని నన్ను ఎవరూ అడగలేదు. పైసలు, బండి తాళం తీస్కొని పోయిన, వచ్చిన. ఆ మాట నా భార్య నోట్ల నుంచి ఎప్పుడొస్తదో అని పల్లీలు జోరుగ ఒలిసిన.)

కోడలు: అయితె ఈయన ఉంటడు ఇంట్ల.

(వచ్చింది.)

అత్త: ఉంటడులే. మరి పోరని చెప్పులో? కాలు లేకుంట చెప్పులెట్ల కొంటవ్?

దానికి జవాబు లేదనుకున్న. నా భార్య గోడకున్న క్యాలెండర్ల అయిపోయిన నెల చింపి, ఎనక దిక్కు తిప్పి నేల మీద పరిచింది. చిన్నోణ్ణి దాని మీద నిలబెట్టి కాలు సుట్టూ పెన్ను తిప్పింది. బొటనేలు కాడికొచ్చేసరికి వానికి కితకితలు పెట్టింది, ఎగిరిండు. గీత వేలు దాటి అంగుళం అవుతలికి పోయింది.

అత్త: గిదేం కాలే, గింత పొడుగు?

కోడలు: పెద్దగైతె వచ్చే బతుకమ్మకు తొడుగుతడు.

మడత పెట్టి పర్సుల వేసుకొని, ఎనిమిదిన్నర బస్సుకు బయలెల్లింది.